మనోవ్యాధియందు గానమును రంగవల్లియు ఎంతవరకు తోడ్పడును?

జినసేనాచార్యుల ఆదిపురాణమున ఒక ఘట్టము కలదు. భగవాన్ ఋషభదేవుడు రాజ్యపాలన చేయుచున్న కాలమున తన సంతానమునకు తానే గురువై విద్యలు నేర్పెను. బ్రాహ్మికి అక్షరములును, సుందరికి అంకెలును చెప్పిన సంగతి మన పిల్లలందరికిని తెలిసినదే. కుమారులకు చెప్పిన విద్యలను మాత్రము అంతగా ఎవరును జ్ఞాపకముంచుకొనరు. వృషభసేనునకు గాంధర్వశాస్త్రమును, అనంతవిజయునకు చిత్రకళను, బాహుబలికి ఇతర విద్యలతోపాటు ఆయుర్వేదమును ఉపదేశించెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. అనగా పాట, బొమ్మ, మందు అను మూడును ఒకే తండ్రి వద్ద అన్నదమ్ములు నేర్చిన విద్యలు. ఒకరి పని మరియొకరికి అప్పగింపబడలేదు. ఒకరు వచ్చిరని రెండవవారిని ఇంటినుండి పంపివేయనూ లేదు.

జినసేనాచార్యులు రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షునకు గురువు. ఆ చక్రవర్తి రాజధానియైన మాన్యఖేటము నేటి మళఖేడ గ్రామము. రాయచూరు జిల్లాకు ఉత్తరమున కలబురగి జిల్లాలో నున్నది. ఉగ్రాదిత్యాచార్యులు త్రికళింగ దేశమందలి రామగిరిలో కల్యాణకారకమను వైద్యగ్రంథమును రచించిరి. మాంసము, మద్యము, తేనె కలియని ఔషధములనే అందు చెప్పిరి. ఆ రామగిరి మన విజయనగరము జిల్లాలోని రామతీర్థమేయని పలువురు పండితుల అభిప్రాయము. వైద్యమునకు ఇంతటి గౌరవమిచ్చిన సమాజమున మనస్సునకు వచ్చిన వ్యాధికి మాత్రము వైద్యుని పిలుచుటకు సిగ్గుపడు అలవాటు ఎట్లు ప్రవేశించినదో ఆలోచింపదగినది.

రాయచూరు రాజేంద్రగంజ్‌లో ప్రత్తి, వడ్లు, కందులు బేరము చేయు కుటుంబములలో ఎవరికైన కాలు బెణికినచో ఆ సాయంత్రమునకే బజారంతటికిని తెలియును. మనస్సు బెణికినచో ఏండ్ల తరబడి ప్రక్క ఇంటికి కూడ తెలియదు. ఇట్టి యిల్లు నొకదానిని ఊహించుకొందము. పెద్ద కుమారుడు గద్దెమీద కూర్చుండుట మానివేసెను. చిట్టా వ్రాయుచు మధ్యలో కలము పట్టుకొని గంటసేపు అట్లే చూచుచుండును. రాత్రులు నిద్ర లేదు, పగలు ఆకలి లేదు. అడిగినవారికి "ఊరికి పోయినాడు" అని జవాబు. చెల్లెలి సంబంధము కుదురువరకు ఈ మాట బయటికి పొక్కరాదని పెద్దల నిర్ణయము. ఆలోపల ఇంటిలో కొన్నాళ్లు జపము, కొన్నాళ్లు భజన, ఎవరో చెప్పిన తాయెత్తు ఒకటి. సంబంధము కుదురుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లును ఆ బాలుడు లోపలి గదిలోనే యుండెను.

ఈ ఇంటిలో భజన జరిగినది, నిజమే. కాని ఆ భజన అతనికొరకు జరిగినది గాని అతనితో జరుగలేదు. అతడు లోపల, పాడువారు వెలుపల. మీదుమిక్కిలి, "దేవుని పాటలు పాడుచున్నాము గదా, ఆసుపత్రి యెందులకు" అను తృప్తి పెద్దలకు కలిగినది. పాట తెరయైనది. అదే పాటను మరియొక విధముగ వాడియున్నచో చేయూత యై యుండెడిది. ఈ భేదమును వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఆగమములలో వ్యవహారసూత్రమను ఛేదసూత్రము కలదు. సాధుసంఘమున తప్పులకు ప్రాయశ్చిత్తములు ఎట్లు విధింపవలెనో చెప్పు గ్రంథమది. దాని రెండవ ఉద్దేశమున మనస్సు చెడిన సాధువును గూర్చి స్పష్టమైన ఆజ్ఞ యున్నది. క్షిప్తచిత్తుడు, దృప్తచిత్తుడు, యక్షావిష్టుడు, ఉన్మాదప్రాప్తుడు అని అవస్థలను వేరువేరుగ పేర్కొని, అట్టివానిని గణమునుండి వెడలగొట్టుట నాయకునకు తగదని శాసించినది. వ్యాధి విడుచువరకు విసుగు లేక సేవచేయవలెను. నయమైన పిమ్మటనే ప్రాయశ్చిత్తపు మాట. అదియును పేరునకు మాత్రము, మిక్కిలి తేలికయైనది. సంసారము విడిచిన సాధువులకే ఇట్టి కరుణ విధింపబడినచో గృహస్థులు తమ యింటి బిడ్డను గదిలో దాచుట ఏ శాస్త్రమునకు సమ్మతము?

క్షిప్తచిత్తమునకు రాగము, భయము, అవమానము కారణములని భాష్యకారులు చెప్పిరి. దృప్తచిత్తమనగా లాభము, గెలుపు, గర్వము తలకెక్కి మనస్సు పట్టుతప్పుట. గంజ్‌లో పెరిగినవారికి ఈ రెండును క్రొత్తవి కావు. ప్రత్తి ధర పడిపోయిన యేట నోట మాట లేక కూర్చుండినవాడు ఒకడు. ధర పెరిగిన యేట మూడు రాత్రులు నిద్రలేక పది క్రొత్త వ్యాపారములకు బయానాలిచ్చి తిరిగినవాడు మరియొకడు. మొదటివానిని చూచి జాలిపడుదురు. రెండవవానిని చూచి హుషారైనవాడని మెచ్చుకొందురు. తరువాత ఇల్లు అప్పులలో మునిగినపుడు గాని అదియును వ్యాధియని తెలియదు. నేటి వైద్యులు పెట్టిన పేర్లును ప్రాచీనుల పేర్లును అక్షరాల సరిపోవునని చెప్పరాదు గాని, దుఃఖమువలెనే ఉత్సాహము కూడ వ్యాధి కావచ్చునని మన పెద్దలు గుర్తించుట విశేషము.

ఇక గానమునకు వత్తము. అనుయోగద్వార సూత్రమున సప్తస్వరముల వివరము కలదు. గాయకునకు ఆరు దోషములు, ఎనిమిది గుణములు అందు చెప్పబడినవి. భయపడుచు పాడుట, తొందరపడి పాడుట, తాళము తప్పుట, కాకివలె కఠోరముగ పాడుట, ముక్కుతో పాడుట మొదలగునవి దోషములు. పార్శ్వదేవుడను జైన విద్వాంసుడు సంగీతసమయసారమను లక్షణగ్రంథమునే రచించెను. దేవగిరి యాదవుల ఆస్థానమున సంగీతరత్నాకరము వ్రాసిన శార్ఙ్గదేవుడు జైనుడు కాడు గాని, మన పాఠకులకు అతనిపై ఒకింత అభిమానము కలుగక మానదు. ఏలయన అతని ఉద్యోగము శ్రీకరణాధిపతి, అనగా రాజ్యపు జమాఖర్చుల అధికారి. అతడు వైద్యము నెరిగినవాడు కూడను. నాదమును గూర్చి చెప్పుటకు ముందు మానవశరీరము ఎట్లేర్పడునో ఒక ప్రకరణమంతయు వ్రాసెను. పాట గొంతులో పుట్టునది కాదు, దేహమంతటినుండి పుట్టునని అతని భావము.

పై దోషముల పట్టికలో మొదటి రెండింటిని మరల చూడుడు: భయము, తొందర. కలత చెందిన మనస్సునకు ఇవియే గుర్తులు. కనుక అట్టివాడు పాడినచో తప్పకుండ చెడుగనే పాడును. శ్రుతి కలియదు, తాళము నిలువదు. అచ్చటి పెద్ద గాయకుడు ఆ తప్పును దిద్దబోయెనా, రెండవనాడు ఆ బాలుడు రాడు. సంగీతపాఠమునకు దోషమైనది ఇచ్చట దోషము కాదు. ఈ ఒక్క సంగతి తెలియక మంచి మనస్సుతో చెడుపు చేసినవారు పెక్కుమంది.

రాయచూరు జిల్లా మట్టిలోనే పాట యున్నది. మాన్వి తాలూకా చీకలపర్వి విజయదాసుల జన్మస్థలము. అదే తాలూకా బ్యాగవాట గ్రామమున పుట్టి మాన్విలో స్థిరపడిన జగన్నాథదాసుల (1728–1809) కథను ఆ ప్రాంతపు ముసలివారందరును చెప్పుదురు. సంస్కృత పండితుడై కన్నడ కీర్తనలు పాడు దాసులను చులకనగ చూచెననియు, విజయదాసుల భోజనపంక్తికి రాక తప్పించుకొనెననియు, పిదప దారుణమైన కడుపునొప్పితో బాధపడెననియు, గోపాలదాసుల అనుగ్రహమున బాగుపడి తానే దాసుడై హరికథామృతసారము రచించెననియు సంప్రదాయము. వైష్ణవులకిది గురుమహిమ. మన విషయమునకు ఇందు గమనింపదగినది వేరొకటి. తాను దూరముగ నుంచిన పంక్తిలోనికే తాను పోయి కూర్చుండెను. పాట అతనికి మందుగ రాలేదు; బాగుపడిన పిదప నిలుపుకొన్న జీవితముగ వచ్చెను.

ఊళ్లలోని తత్త్వపదముల మేళములందును ఇదే ఏర్పాటు కానవచ్చును. చీకటి పడిన పిమ్మట పదిమంది కూడుదురు. ఒకరు చరణము పాడుదురు, మిగిలినవారు పల్లవి అందుకొందురు. పల్లవి అందరికిని వచ్చును. రానివాడు తాళమైనను కొట్టును. అదియు చేతగానివాడు ఊరక కూర్చుండును. వానిని ఎవరును ప్రశ్నింపరు. మన జైనకుటుంబములలో ఇంట మార్వాడీయో గుజరాతీయో, అంగడిలో కన్నడము, తెలుగు బేరగాండ్రతో తెలుగు. దుఃఖము వచ్చినపుడు ఏ భాషలో పాట లోపలికి పోవునో చెప్పలేము. చిన్ననాడు అమ్మమ్మ పాడిన స్తవనము కావచ్చును, హమాలీలు పాడిన తెలుగు పదము కావచ్చును. వ్యాధిగ్రస్తుడు కోరిన పాటయే మంచి పాట. "ఇది సినిమా పాట, పాడరాదు" అను నియమము ఆ గడియకు ప్రక్కన పెట్టినను నష్టము లేదు.

ఆధునిక వైద్యులు ఈ విషయమును ఏమి పరీక్షించిరో చూతము. 1942లో ఇంగ్లండున క్షయరోగాలయములో చికిత్స పొందిన ఆడ్రియన్ హిల్ అను చిత్రకారుడు, బొమ్మలు వేయుటవలన తనకును తోటి రోగులకును కలిగిన మేలును చూచి దానికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి వచ్చిన సైనికుల ఆసుపత్రులలో అమెరికావారు సంగీతమును విరివిగ వాడిరి. 1950లో అచ్చట సంగీతచికిత్సకుల జాతీయసంఘ మేర్పడినది. 2011లో ఫిన్లండు దేశీయులు ఒక పరీక్షాఫలితమును ప్రకటించిరి. కుంగుబాటుతో బాధపడు 79 మందిలో కొందరికి మామూలు వైద్యము మాత్రమే యిచ్చిరి. కొందరికి దానితోపాటు 20 పర్యాయములు సంగీతచికిత్స చేసిరి. వారు పాటలు విని ఊరకుండలేదు, చికిత్సకునితో కలిసి స్వయముగ వాద్యములు వాయించిరి. మూడు నెలలకు రెండవ జట్టువారు ఎక్కువ తేరుకొనిరి. ఆరు నెలలకు రెండు జట్లకును చెప్పుకోదగిన భేదము లేకపోయెను. 2017లో ఇట్టి పరీక్షలనన్నిటిని కూర్చి చూచిన పండితులు కూడ మామూలు వైద్యమునకు సంగీతము తోడైనచో కొద్దికాలము మేలు కలుగునని తేల్చిరి.

చిత్రకళ విషయమున ఎదురు లెక్క కూడ చూపవలెను. జమ మాత్రము చూపి ఖర్చు దాచిన చిట్టా ఎవరికి కావలెను? 2012లో ఇంగ్లండువారు స్కిజోఫ్రెనియా అను తీవ్రవ్యాధిగల 417 మందిపై జరిపిన పరీక్షలో, సామూహిక చిత్రకళాచికిత్సవలన ప్రత్యేకమైన ప్రయోజనము కనబడలేదు. చికిత్సకు ఎంపికైన వారిలో చాలమంది సరిగ హాజరే కాలేదు. దీనివలన బొమ్మ వేయుట నిరర్థకమని కాదు. తీవ్రమైన వ్యాధిని బొమ్మ కుదర్చలేదనియు, ఇష్టము లేనివానిని కూర్చుండబెట్టినందున ఫలము లేదనియు తెలియుచున్నది. ఈ రాగము ఈ వ్యాధికి, ఆ రాగము ఆ వ్యాధికి అని పట్టికలు అచ్చువేసి అమ్మువారి మాటలకు ఇట్టి పరీక్షల ఆధారము లేదు. వాటికి డబ్బు పోయవద్దు.

ఇంటిలో చేయదగినదానికి మన స్త్రీలు చేయు గహూలికంటె మంచి ఉదాహరణము దొరకదు. శ్వేతాంబర కుటుంబములలో పీటమీద బియ్యముతో స్వస్తికము తీర్చుదురు. నాలుగు చేతులు నాలుగు గతులు. పైన జ్ఞాన దర్శన చారిత్రములకు మూడు చిన్న కుప్పలు, వానిపైన సిద్ధశిలకు అర్ధచంద్రము, అందు సిద్ధులకు గుర్తుగ ఒక చిన్న కుప్ప. పని చిన్నది. ఎచ్చట ఆరంభింపవలెనో, ఎచ్చట ముగియునో ముందే తెలియును. వంకర పోయినచో వ్రేలితో సరిచేయవచ్చును. ముగిసిన పిమ్మట బియ్యము తీసివేయుదురు గనుక బాగుగ వచ్చినదా లేదా అను తీర్పు మిగులదు. మనస్సు చెదరి ఏ పనియు ముగింపలేక తనను తానే నిందించుకొనువానికి పదినిమిషములలో ఒక పని ముగించితినను సంగతి కొంచెము కాదు. తెలుగు ఇండ్ల ముగ్గును, కన్నడ ఇండ్ల రంగోలియు ఇట్టివే. చుక్కలు లెక్కపెట్టవలెను, లెక్కపెట్టునంతసేపు చింత కొంత వెనుకకు జరుగును. మగవారు ముగ్గు వేయుట చిన్నతనమని తలచువారు పూజలో అక్షతలతో స్వస్తికము మగవారును తీర్చుదురని గుర్తుంచుకొనవలెను.

ఇంటిలో చేయు ఈ పనిని చికిత్స అని పిలువరాదు. చికిత్స శిక్షణ పొందినవారు చేయునది. ఇంటివారు ఆ బొమ్మను చూచి "నల్లరంగు వేసినాడు, ఏదో చెడుతలపు" అని అర్థములు తీయరాదు. వచ్చిన చుట్టములకు చూపి మెప్పు సంపాదింపనూ రాదు. ఒక గడియ, అనగా 24 నిమిషములు చాలును. సామాయికపు 48 నిమిషములు కూర్చుండలేదని నిష్ఠురమాడవద్దు.

పాటలోను హాని కలదు. దృప్తచిత్తునివలె నిద్రలేక ఉప్పొంగుచున్నవానిని రాత్రి జాగరణ భజనకు తీసికొనిపోయినచో వ్యాధి పెరుగును. వానికి కావలసినది నిద్ర. చావు తలపులు వచ్చుచున్నవాని యెదుట దేహము అనిత్యము, సంసారము నిస్సారము అను వైరాగ్యపదములు పాడుట మంచిది కాదు. ఆరోగ్యవంతునకు అవి వివేకము. అతనికి అవి సమ్మతివలె వినబడును.

తపస్సు విషయము మన కుటుంబములకు ముఖ్యమైనది. బైపోలార్ అను వ్యాధికి లిథియం అను మందు వాడుదురు. ఒంటిలో నీరు తగ్గినను, ఉప్పు ఒక్కసారిగ తగ్గించినను రక్తములో ఆ మందు పాలు పెరిగి విషమగును. పర్యూషణములలో ఉపవాసము, ఉప్పులేని ఆయంబిల్ చేయదలచినవారు వైద్యునితో ముందుగ మాటలాడవలెను. చౌవిహారమని రాత్రి మాత్ర మానివేయుట అట్టిదే. వేళ మార్చుటకు వీలున్నదేమో వైద్యుని అడుగవచ్చును. ప్రత్యాఖ్యాన పాఠములలో సర్వసమాధి నిమిత్తమైన ఆగారము, అనగా వ్యాధివేళ ఔషధమునకు మినహాయింపు ఉన్నదే గదా. గురుమహారాజులను అడిగినచో వారే చెప్పుదురు.

వైద్యము దూరమను సాకు ఇపుడు చెల్లదు. మన పొరుగు బళ్లారి జిల్లాలోనే 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు ఒక ప్రయోగము ప్రారంభించిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును సిబ్బందికిని శిక్షణ యిచ్చి, మానసిక వ్యాధులకు పల్లెలోనే మందులు దొరకునట్లు చేసిరి. ఆ బళ్లారి నమూనాను చూచియే 1996లో కేంద్రప్రభుత్వము జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించినది. రాయచూరులో 2007లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ వారి నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితముగ తెలుగునను, కన్నడమునను మాటలాడుదురు. చెల్లెలి సంబంధము గూర్చి భయపడువారు కూడ గద్దెమీదినుండి లేవకయే ఫోను చేయవచ్చును.

బాలింతల సంగతి ఒకటి మిగిలినది. ప్రసవమైన యింట సూతకపు దినములలో తల్లి మందిరమునకు పోదు, పూజ ముట్టదు, ఉపాశ్రయమున స్త్రీల పాటలకు రాదు. ఆ దినములలోనే కొందరికి మనస్సు చెడును. ఊరంతయు బిడ్డ పుట్టెనని సంతోషించుచుండగా తాను ఏల ఏడ్చుచున్నదో ఆమె చెప్పుకొనలేదు. ఉన్న ఒక్క తోడైన పాట కూడ గడప ఆవలనే నిలిచిపోవును. ఆమె రాకూడనిచోట పాడువారే ఆమె ఇంటికి పోవలెను. నలుగురు స్త్రీలు మధ్యాహ్నము ఒక గడియ ముంగిట కూర్చుండి ఆమె కోరిన పాటలు పాడుటకు ఏ సూతకమును అడ్డురాదు. ఆమె గొంతు కలిపినను, కలుపక తలుపు వద్ద కూర్చుండినను సరియే. వారు ఒక్క సంగతి మాత్రము గమనింపవలెను: బిడ్డ నిద్రించునపుడు కూడ ఆమెకు నిద్ర పట్టుచున్నదా? నిద్ర లేక, ఎవరో పిలుచుచున్నట్లు వినబడుచున్నదన్నను, తనకో బిడ్డకో హాని తలపెట్టు మాట నోట వచ్చినను, పాట అంతటితో ఆపి, ఆ సాయంకాలమే ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బిడ్డను వేరొకరెత్తుకొనవలెను; తల్లిని ఒంటరిగ విడువరాదు.